వియ్యంకుడు ముట్టని మంచినీళ్ళు

(గ్రంథాలయ వారోత్సవాల్లో, కోనసీమలోని ఒక శాఖా గ్రంథాలయంలో రిటైరైన ఒక సోషల్ టీచరు చేసిన ప్రసంగం. ఫోన్‌లో రికార్డు చేసి రాసుకున్నది. కరెంటు పోయినప్పటి మాటలు కొన్ని వదిలేశాం.)

అందరికీ నమస్కారమండి. మైకు ఇంకాస్త దగ్గరగా పెట్టుకోమంటున్నారు. ముప్పై ఏళ్ళు క్లాసుల్లో అరిచిన గొంతండి ఇది, మైకు లేకపోయినా ఏటిగట్టు దాకా వినిపిస్తుంది. [నవ్వులు]

లైబ్రేరియన్ గారు నాకిచ్చిన అంశం "నీతి అందరికీ ఒకటేనా, ఏ ఊరి నీతి ఆ ఊరిదేనా" అని. నేను తత్వశాస్త్రం చదివినదాన్ని కాదు. కాకపోతే ఆరేళ్ళ క్రితం ఈ ప్రశ్న మా ఇంటికే వచ్చి చావట్లో కూర్చుంది. అక్కణ్ణుంచి మొదలెడతాను.

మా కోడలిది కాన్పూరు. హైదరాబాదులో మావాడి ఆఫీసే. పెళ్ళయ్యాక మొదటిసారి వాళ్ళ నాన్నగారు మా ఊరొచ్చారు. రాజమండ్రిలో రైలు దిగి, కారులో మా ఇంటికొచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. మే నెల. మా ఆయన పొద్దున్నే దింపు మనిషిని పిలిపించి బొండాలు దింపించి ఉంచారు. బొండం కొట్టి చేతికిస్తే, ఆ పెద్దమనిషి రెండు చేతులూ జోడించి వద్దన్నారు. మంచినీళ్ళు తెచ్చాం. వద్దు. కాఫీ? వద్దు. కార్లోంచి బాటిలు తెప్పించుకుని ఆ నీళ్ళు తాగారు. అవి ఎండకి ఎంత కాగి ఉన్నాయో పాపం.

ఏవండీ, మన వైపు ఇంటికొచ్చిన చుట్టం మంచినీళ్ళు ముట్టలేదంటే ఏమిటండీ అర్థం? తగువే కదా. అందులోనూ వియ్యంకుడు. మా పెద్దాడపడుచు వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించి, "ఏ మర్యాదలో లోపం జరిగిందో కనుక్కో, రేపు ఊరంతా చెప్పుకుంటారు" అంది. మా ఆయనకి బీపీ. నాకు టెన్షన్.

అప్పుడు కోడలు నన్ను పక్కకి పిలిచి చెప్పింది. వాళ్ళ వైపు కూతుర్ని ఇచ్చిన ఇంట్లో తండ్రి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టడట. దానం చేసిన చోటునుంచి తిరిగి ఏదైనా పుచ్చుకుంటే పాపమట. అంటే ఆయన మమ్మల్ని అవమానిస్తున్నాడని మేం అనుకుంటున్నంతసేపూ ఆయన దాహం చంపుకుని ధర్మం పాటిస్తున్నాడన్నమాట. మేం బలవంతం చేసిన కొద్దీ ఆయన్ని పాపంలోకి నెడుతున్నాం.

[ముందు వరసలో ఒక పెద్దాయన: మా ముత్తాతల కాలంలో మాక్కూడా ఉండేదండి, మనవడు పుట్టేదాకా.]

ఆయ్, కొన్ని ఇళ్ళల్లో ఉండేదని నేనూ విన్నానండి. ఇంతకీ ఎలా తెగిందంటే, మా ఆడపడుచు మనవడు నాలుగేళ్ళవాడు, వాడే బొండం మోసుకెళ్ళి ఆయన ఒళ్ళో పెట్టాడు. ఆయన నవ్వేసి, జేబులోంచి ఐదొందల నోటు తీసి పిల్లాడి చేతిలో పెట్టి, అప్పుడు తాగారు. డబ్బిచ్చాక అది పుచ్చుకోవడం కిందికి రాదు, కొనుక్కోవడం కిందికి వస్తుంది. ఐదొందలకి బొండం, అంబాజీపేట మార్కెట్లో ఎప్పుడైనా పలికిందాండీ? [నవ్వులు]

ఆ సాయంత్రం మా వంతు వచ్చింది. మావాడు సరదాకి వాళ్ళ నానమ్మని చూపించి, "మా నానమ్మ మా తాతయ్యకి సొంత అక్క కూతురు" అని హిందీలో చెప్పాడు. వియ్యంకుడి గారి మొహం చూడాలి. వాళ్ళకి మేనమామ అంటే తండ్రి తర్వాత తండ్రి. మనకో? పెళ్ళికూతుర్ని బుట్టలో పెట్టి పీటల మీదికి మోసుకొచ్చేదీ మేనమామే, ఒక్కోసారి పీటల మీద కూర్చునేదీ మేనమామే. మేం దశాబ్దాలుగా కళ్ళకద్దుకుంటున్న ఆ బంధాన్ని ఆయన ఒక్క క్షణం ఎలా చూశాడో నాకిప్పటికీ గుర్తుంది.

మనం నవ్వడానికి లేదు. చిన్నాన్న కూతురితో పెళ్ళంటే మనకి ఎలా ఉంటుంది? కడుపులో తిప్పుతుంది. మా వీధి చివర ముస్లిం కుటుంబాల్లో అది మంచి సంబంధం. తండ్రి అన్నదమ్ముల పిల్లలు తోబుట్టువులు, తండ్రి అక్కచెల్లెళ్ళ పిల్లలు వరసైనవాళ్ళు అన్న గీత మనం గీసుకున్నదే. రక్తం లెక్కన చూస్తే రెండూ ఒకటే దూరం.

ఈ గొడవ మా చావట్లో మొదటిసారి రాలేదండి. బౌధాయన ధర్మసూత్రమని రెండువేల ఏళ్ళు పైబడ్డ గ్రంథం ఉంది. అందులో దక్షిణాది వాళ్ళకి ఐదు ఆచారాలు, ఉత్తరాది వాళ్ళకి ఐదు ఆచారాలు చెప్పి, వీటి మీద తగువుందంటాడు. మనవి ఏమిటో తెలుసా? ఉపనయనం కానివాడితో కలిసి తినడం, భార్యతో కలిసి తినడం, చద్దన్నం తినడం [నవ్వులు], మేనమామ కూతుర్ని చేసుకోవడం, మేనత్త కూతుర్ని చేసుకోవడం. వాళ్ళవేమో ఉన్ని అమ్మడం, మద్యం తాగడం, ఆయుధాల వ్యాపారం, సముద్రయానం, ఇలాంటివి. ఎక్కడిది అక్కడ చేస్తే దోషం లేదు, ఇక్కడిది అక్కడా అక్కడిది ఇక్కడా చేస్తేనే దోషం, దేశాచారమే ప్రమాణం అంటాడు. బాగుంది కదా? ఆ వెంటనే ఇంకో మాట రాశాడు. "అది మిథ్య అని గౌతముడు అంటున్నాడు" అని. ఈ గౌతముడు బుద్ధుడు కాదు, ఇంకో ధర్మసూత్రం చెప్పినాయన. అంటే ఏ ఊరి నీతి ఆ ఊరిదే అన్నవాళ్ళూ, అబద్ధం అన్నవాళ్ళూ అప్పటికే పక్కపక్కన కూర్చుని పోట్లాడుకుంటున్నారు. నాకు ఆ గౌతముడంటే గౌరవం. ఎందుకో తర్వాత చెబుతాను.

మన అగ్రహారాల్లో ప్రవర చెప్పేటప్పుడు "ఆపస్తంబ సూత్రః" అనడం మీలో చాలామంది వినే ఉంటారు. ఆ ఆపస్తంబుడు ఇంకా గడుసుగా చెప్పాడు. ధర్మమూ అధర్మమూ "ఇదుగో మేమిక్కడున్నాం" అని చెప్పుకుంటూ తిరగవు, దేవతలూ గంధర్వులూ పితృదేవతలూ వచ్చి ఇది ధర్మం, ఇది అధర్మం అని చెప్పరు, పెద్దలు దేన్ని మెచ్చుకుంటే అది ధర్మం, దేన్ని నిందిస్తే అది అధర్మం. ఇంచుమించు ఇదే తీరున గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ ఒక కథ చెప్పాడు. పారశీక చక్రవర్తి దరియస్ గ్రీకుల్ని పిలిచి, ఎంతిస్తే చచ్చిపోయిన మీ తండ్రుల్ని తింటారని అడిగాడట. ఎంతిచ్చినా తినం అన్నారు. తండ్రుల్ని తినే ఆచారమున్న ఒక జాతిని పిలిచి, ఎంతిస్తే మీ తండ్రుల్ని కాలుస్తారని అడిగితే వాళ్ళు చెవులు మూసుకున్నంత పని చేశారట.

ఇక్కడిదాకా వింటే ఏ ఊరి నీతి ఆ ఊరిదేనని తేలిపోయినట్టే ఉంటుంది. కాలేజీలో నేనూ అలాగే అనుకునేదాన్ని. ఆ మాటలో ఒక సుఖం ఉంది. ఎవరితోనూ తగువుండదు.

ఇప్పుడు ఒక ఆట చెబుతాను. మీకు వంద రూపాయలిస్తారు. ఎవరో తెలియని రెండో మనిషికి అందులోంచి కొంత ఇవ్వాలి. ఎంతన్నది మీ ఇష్టం. అవతలివాడు ఒప్పుకుంటే ఇద్దరికీ ఆ డబ్బు ఉంటుంది. ఒప్పుకోకపోతే ఇద్దరికీ సున్నా. కొందరు పరిశోధకులు ఈ ఆటని పదిహేను చిన్న చిన్న సమాజాల్లో, వేటగాళ్ళూ పశువుల కాపరులూ చిన్న రైతులూ ఉన్నచోట్ల ఆడించారు. 2001లో ఫలితాలు అచ్చయ్యాయి. పెరూ అడవుల్లో మచిగెంగా అనేవాళ్ళు పావు వంతు దాకా ఇచ్చి ఊరుకున్నారు, అవతలివాళ్ళు అదే చాలని తీసుకున్నారు. ఇండోనేసియాలో లమలెరా అనే ఊరుంది. వాళ్ళు పడవల్లో వెళ్ళి తిమింగలాల్ని వేటాడతారు. ఒక్కడివల్ల అయ్యే పని కాదు, వచ్చినదాన్ని భాగాలు పంచుకోవాలి. వాళ్ళు సగం కంటే ఎక్కువే ఇచ్చారు. మన అంతర్వేది, ఓడలరేవు వైపు వలలు లాగేవాళ్ళకి ఈ సంగతి నేను వివరించక్కర్లేదు.

నన్ను ఆపేసింది పపువా న్యూగినీ వాళ్ళ సంగతి. అక్కడ రెండు జాతులవాళ్ళు సగానికి మించి ఇస్తామన్నా కొన్నిసార్లు వద్దన్నారు. ఊరికే వచ్చే డబ్బు ఎందుకు వద్దంటారండీ? మన చదివింపుల పుస్తకం చూసినవాళ్ళెవరైనా ఉంటే వెంటనే చెప్పేవారు.

మా పెళ్ళి నాటి పుస్తకం ఇంకా మా బీరువాలో ఉంది. 1984. అట్ట ఊడిపోయిన రూళ్ళ నోటుబుక్కు, మొదటి పేజీకి పసుపంటింది. ఫలానా వారు, 116. ఫలానా వారు, 51, ఇత్తడి బిందె 1. ఒక పేరు పక్కన మా చిన్నాన్న "స్టీలు గ్లాసులు 6, ఒకటి సొట్ట" అని కూడా రాశాడు. [నవ్వులు] ఇప్పటికీ వాళ్ళింట్లో శుభలేఖ వస్తే ముందు ఆ పుస్తకం తీస్తాం. అందులో ఒక పేరుకి ఎదురుగా 2,000 అని రాసి కొట్టేసి 116 అని దిద్ది ఉంటుంది. ఆయన ఊళ్ళో ఆసామి. మైకులో రెండువేలని చదివేసరికి పందిరంతా చప్పట్లు. మర్నాడు పొద్దున్నే మా నాన్న పద్దెనిమిది వందల ఎనభై నాలుగు రూపాయలు పట్టుకెళ్ళి ఆయనకి తిరిగిచ్చేసి వచ్చారు. "ఇంత పుచ్చుకుంటే ఎప్పుడు వాళ్ళ గుమ్మం ముందు చేతులు కట్టుకు నిలబడాల్సొస్తుందో" అన్నారు. పపువా వాళ్ళదీ అదే లెక్క. పుచ్చుకున్నది తిరిగి తీర్చాలన్న పట్టింపు వాళ్ళకీ ఉంది, పి.గన్నవరంలోనూ ఉంది. ఎంత పుచ్చుకుంటే బరువన్నదే ఊరూరికీ మారుతుంది.

2019లో ఇంకో లెక్క వచ్చింది. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ప్రపంచం నలుమూలలా అరవై సమాజాల గురించి పాతకాలం నుంచీ రాసిపెట్టిన వివరాలు తిరగేశారు. అయినవాళ్ళకి సాయం చేయడం, తన గుంపుకి అండగా ఉండడం, చేసిన మేలు తీర్చడం, ధైర్యం చూపడం, పెద్దల్ని గౌరవించడం, తగువొస్తే సమంగా పంచుకోవడం, ఎవరిది వాళ్ళకి వదిలేయడం అనే ఏడింటి ప్రస్తావన 962 చోట్ల దొరికింది. 961 చోట్ల మంచి అనే ఉంది. ఆ మిగిలిన ఒక్కటీ పసిఫిక్‌లో చూక్ అనే దీవులది, అక్కడ అవతలివాడిది బాహాటంగా లాక్కోవడం తన పైచేయి చూపించడం కింద లెక్క. ఒక్కటి మిగలడమే నాకు నచ్చింది. వెయ్యికి వెయ్యీ వస్తే పరీక్ష పేపరు లీకైందనుకునేదాన్ని.

లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారి గురించి ఈ సభలో నేను చెప్పడం తాతకి దగ్గులు నేర్పడమే. వేళ కాని వేళ ఏరు దాటి వచ్చినవాళ్ళకి కూడా పొయ్యి రాజేసి అన్నం పెట్టిన మనిషి. ఆవిడ పోయింది 1909లో. ఆ కథ మా కోడలికి చెప్పాను. ఒక్క ప్రశ్న అడగలేదు, కళ్ళు తుడుచుకుంది. మేనరికం సంగతి ఆరేళ్ళుగా వివరిస్తూనే ఉన్నాను.

పసిపిల్లల మీద కూడా ఒక ప్రయోగం ఉంది, 2007లో చాలా పేరొచ్చింది. బొమ్మ కొండెక్కుతుంటే ఒక బొమ్మ సాయం చేస్తుంది, ఇంకోటి కిందికి తోస్తుంది. ఆరు నెలల పిల్లలు కూడా సాయం చేసినదాన్నే పట్టుకున్నారన్నారు. ఈమధ్య చాలా దేశాల ల్యాబులు కలిసి వెయ్యి మంది పిల్లలతో మళ్ళీ చేసి చూస్తే సగం సగం వచ్చింది. అందుకని దాని మీద నేను ఇల్లు కట్టను.

ఇంకాస్త పెద్ద పిల్లల సంగతి నేను స్వయంగా చూశాను. ఎలియట్ ట్యూరియల్ అనే మనస్తత్వవేత్త మొదలెట్టిన పద్ధతి అది. ఆరో తరగతిలో అడిగాను. "నేను ఒప్పుకుంటే యూనిఫాం లేకుండా రావచ్చా?" "రావచ్చు టీచర్" అని అందరూ. "నేను ఒప్పుకుంటే పక్కవాణ్ణి కొట్టొచ్చా?" కాసేపు నిశ్శబ్దం. వెనక బెంచీలోంచి ఒకడు లేచి, "మీరు ఒప్పుకుంటే మీదీ తప్పే టీచర్" అన్నాడు. [నవ్వులు] ట్యూరియల్ చెప్పేదీ అదే. పెద్దవాళ్ళు ఔనంటే మారిపోయేది కట్టుబాటు. ఎవరు ఔనన్నా మారనిది నీతి. మూడు నాలుగేళ్ళ పిల్లలకే ఆ తేడా తెలుస్తుందంటాడు.

దీన్ని ఒప్పుకోని వాళ్ళున్నారు. రిచర్డ్ ష్వేడర్ అనే ఆయన మనకి దగ్గర్లోనే, భువనేశ్వర్‌లో, పిల్లల్నీ పెద్దల్నీ అడిగి 1987లో అచ్చువేశాడు. అవే ప్రశ్నలు చికాగోలో కూడా అడిగాడు. "తండ్రి పోయిన మర్నాడు పెద్దకొడుకు క్షవరం చేయించుకుని కోడికూర తిన్నాడు." భువనేశ్వర్ వాళ్ళు దీన్ని ఘోరమైన తప్పుల్లో చేర్చారు. చికాగోవాళ్ళకి అందులో తప్పేమిటో అర్థం కాలేదు. మీ మొహాలు చూస్తుంటే మీరు భువనేశ్వర్ పార్టీయే అని తెలుస్తోంది. [నవ్వులు] నేనూ అంతే. మనకి అది యూనిఫాం లాంటి కట్టుబాటు అనిపించదు. పోయినాయనకి ద్రోహం అనిపిస్తుంది. ఇంతవరకూ ష్వేడర్‌దే గెలుపు.

అదే జాబితాలో ఇంకోటి ఉంది. చెప్పకుండా ఒక్కతే సినిమాకి వెళ్ళిన భార్యని భర్త ఒళ్ళు కమిలేలా కొట్టాడు. భువనేశ్వర్‌లో అది తప్పు కాదన్నారు. చికాగోలో తప్పన్నారు. ఇప్పుడేమంటారు? ఏ ఊరి నీతి ఆ ఊరిదేనా? నాకు మాత్రం అది చదివినప్పుడు మా అమ్మమ్మ గుర్తొచ్చింది.

మా అమ్మమ్మ చేతికి ఎముక లేదనేవారు. ఎండాకాలం దారినపోయేవాళ్ళకి మజ్జిగ పోసేది. మా దొడ్లో కొబ్బరికాయలు ఒలవడానికి ఒకాయన వచ్చేవాడు. నాకప్పుడు ఏడెనిమిదేళ్ళు. ఆయన గునపం నేలలో పాతి, కాయని దాని మొన మీద గుచ్చి మూడు విరుపుల్లో డొక్క ఊడదీసేవాడు. నేను లెక్కపెట్టేదాన్ని. మధ్యాహ్నానికి ఆయన ఒళ్ళంతా పీచు. దాహమేస్తే అరుగుకి దూరంగా వంగి నిలబడి దోసిలి పట్టేవాడు. అమ్మమ్మ చెంబు పైకెత్తి, జానెడు ఎత్తునుంచి పోసేది. ధార ఆ దోసిట్లో పడి, సగం మోచేతుల మీదుగా కారిపోయేది. నాకు అది ఆటలా ఉండి, నాకూ అలాగే పొయ్యమని దోసిలి పట్టాను. అమ్మమ్మ నా చేతుల మీద చిన్న దెబ్బ వేసింది. "ఆయనకెందుకలా?" అంటే, "అది పద్ధతి తల్లీ" అంది. కోపంగా కూడా అనలేదు. అన్నం కుడిచేత్తో తినాలని చెప్పినంత మామూలుగా అంది.

ముప్పై ఏళ్ళ తర్వాత ఒక స్కూల్లో నాతోపాటు లెక్కలు చెప్పిన మాస్టారు ఆ కొబ్బరికాయలాయన కొడుకు. నాకు చాలాకాలం తెలియదు, ఆయనకి తెలుసు. ఒకరోజు స్టాఫ్ రూములో టీ తాగుతూ మామూలుగా చెప్పారు. "మా నాన్న మీ ఇంటికి పనికొచ్చే రోజు పొద్దున్నే కుండలోంచి కడుపు ఉబ్బేలా నీళ్ళు తాగి బయల్దేరేవాడండి. అక్కడ అడక్కుండా సాయంత్రం దాకా లాగాలని. కొబ్బరి ఒలుపు కదా, ఆగేది కాదు."

నేను టీ కప్పు పట్టుకుని అలాగే ఉండిపోయాను. అప్పటిదాకా నేననుకున్నదేమిటి? పాత రోజులు, అందరికీ అదే న్యాయం అనిపించేది, ఆయనకి కూడా అలవాటే అని. అది మా ఊరి నీతి అని. మా ఊరంటే మా వీధి అని నా లెక్క. అదే ఊళ్ళో, అదే కాలంలో, రోజూ కడుపు ఉబ్బేలా నీళ్ళు తాగి బయల్దేరిన మనిషికి అది తప్పని ముందునుంచీ తెలుసు. ఏ పుస్తకమూ చదివి తెలుసుకోలేదు. ఆయన్ని ఎవరూ అడగలేదు, అంతే.

అమ్మమ్మకి మాత్రం తెలియదా? 1986 ఆగస్టు వరద మీకు గుర్తుండే ఉంటుంది. మా అబ్బాయి చంకపిల్లాడు, నేను పుట్టింట్లో ఉన్నాను. అందరం ఏటిగట్టు మీద. ఒక్కటే డ్రమ్ము, గొలుసు కట్టిన ఒక్కటే గ్లాసు. అమ్మమ్మ ఆ గ్లాసుతోనే తాగింది, ఎవరి వెనకాలంటే వాళ్ళ వెనకాల. నీళ్ళు తీశాక ఇంటికొచ్చి తలస్నానం చేసి మళ్ళీ తన పద్ధతిలో పడింది. అడిగితే "ఆపద్ధర్మం" అంది. ట్యూరియల్ ప్రశ్నకి ఆవిడ జవాబు చెప్పేసినట్టే కదండీ. అవసరమొస్తే పక్కన పెట్టగలిగింది కట్టుబాటే అని ఆవిడకి ఎక్కడో తెలుసు. గట్టు మీద పక్కవాడి పిల్లాణ్ణి ఏట్లోకి తోసేసి ఆపద్ధర్మం అంటే ఎవరూ ఊరుకోరు.

నా మాట నేను ఒక్క ఇంటి కథ మీద నిలబెట్టడం లేదు. ఇజ్రాయెల్‌లో డ్రూజ్ అనే సమాజం ఉంది, ఇంట్లో మగవాడి మాటే చెల్లుతుంది. ట్యూరియల్, వెయిన్‌రిబ్ అని ఇద్దరు పరిశోధకులు 1994లో అక్కడి ఆడవాళ్ళనీ విడిగా అడిగారు. మగవాళ్ళు అది మా హక్కన్నారు. ఆడవాళ్ళలో చాలామంది అది అన్యాయం అన్నారు. ఎదురుతిరిగితే ఏమవుతుందో తెలుసు కాబట్టి నోరు మూసుకున్నాం అన్నారు. బయటినుంచి చూసినవాడికి ఆ నోరు మూసుకోవడమే వాళ్ళ సంస్కృతిలా కనిపిస్తుంది.

అందుకే నాకు ఆ గౌతముడంటే గౌరవం. "దేశాచారం" అన్న మాట చెప్పగానే చాలామంది లేచి నిలబడతారు, ఆయన మాత్రం మిథ్య అన్నాడు. మన పక్కనే కందుకూరి వీరేశలింగం గారు అదే పని చేశారు. వితంతువులు పెళ్ళి చేసుకోవచ్చని ప్రభుత్వం 1856లోనే చట్టం చేసింది. మన వైపు ఆ చట్టం కాగితం మీద పాతికేళ్ళు పడుకుంది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో ఆయన తన మొదటి వితంతు వివాహం చేయించారు. ఊరు ఊరంతా మన సంస్కృతి పోతోందని లేచింది. కానీ ఆయన ఎక్కడివాడు? ఆ రాజమండ్రి వాడే, ఆ శాస్త్రాలు చదివినవాడే. పరాశర స్మృతిలో శ్లోకం చూపించి వాదించాడు. వంటవాళ్ళూ నీళ్ళు మోసేవాళ్ళూ ఇంటికి రావడం మానేస్తే, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు గోదావరికెళ్ళి బిందెతో నీళ్ళు మోసుకొచ్చి వంట చేశారు. ఆవిడ తెచ్చిన బిందెల లెక్క ఎవరూ రాయలేదు, చదివింపుల పుస్తకమైతే ఉండేది. మన సంస్కృతి వితంతువుకి గుండు చేయించే సంస్కృతా, రాజ్యలక్ష్మమ్మగారి బిందె సంస్కృతా? రెండూ గోదావరి గట్టు మీదివే.

ఇంకొక్క సంగతి చెప్పి ఆపేస్తాను. 1947లో, ఐక్యరాజ్యసమితిలో మానవ హక్కుల ప్రకటన తయారవుతున్నప్పుడు, అమెరికాలోని మానవశాస్త్రవేత్తల సంఘం ఒక హెచ్చరిక రాసింది. విలువలు ఏ సంస్కృతికి ఆ సంస్కృతివి, పడమటి దేశాల విలువల్ని అందరి మీదా రుద్దకండి అని. మంచి మనసుతోనే రాశారు. దొరలు నాగరికత పేరుతో చేసిన పనులు చూసినవాళ్ళు మరి. అదే సమయంలో ఆ ప్రకటన రాసే గదిలో మన దేశం తరఫున హంసా మెహతా గారు కూర్చుని ఉన్నారు. మొదటి అధికరణలో "పురుషులందరూ" అనే అర్థం వచ్చేలా రాసుకున్న మాటని "మనుషులందరూ" అని మార్పించింది ఆవిడే. అమెరికా పండితులు మన సంస్కృతికి అడ్డం పడకూడదని బెంగపడుతుంటే, మన సంస్కృతిలోంచి వెళ్ళిన ఆడమనిషి, మీ వాక్యం ఇంకా చాలడం లేదంటోంది. 1948 డిసెంబరు 10న ఓటింగు జరిగితే 48 దేశాలు ఔనన్నాయి, ఎనిమిది ఎటూ చెప్పలేదు. ఆ ఎనిమిదిలో దక్షిణాఫ్రికా ఉంది. అప్పుడు దక్షిణాఫ్రికా తరఫున మాట్లాడింది తెల్లవాళ్ళ ప్రభుత్వం, ఎవరికి నోరు లేదో మీకు తెలుసు.

ప్రశ్నలేవైనా ఉంటే అడగండి. బాబూ, నువ్వు డిగ్రీనా? అడుగు.

[ఒక విద్యార్థి: మేడం, బాధపడేవాళ్ళని అడగాలంటున్నారు. వాళ్ళే మాకు బాగానే ఉందంటే? చిన్నప్పట్నుంచీ అలాగే పెంచితే, బాధని కూడా పద్ధతే అనుకుంటారు కదా. మీ ఇంట్లో మేనరికం గురించి మీ అత్తగారిని అడిగారా?]

కూర్చో నాన్నా. ఈ ప్రశ్న రాకుండా దిగిపోదామనుకున్నాను. [నవ్వులు] నువ్వన్నది నిజం. పెంపకం మన చేత చాలా ఒప్పించేస్తుంది. అడగడంతో పని అయిపోతుందని నేను అనను. కొబ్బరికాయలాయన్ని మా అమ్మమ్మ ఎదురుగా అడిగి ఉంటే, "అయ్యో, నాకేం బాధమ్మగారూ" అనే అనేవాడు. ఇంటికెళ్ళి కొడుకుతో చెప్పిందే అసలు మాట. అందుకని ఎవరిని అడిగాం అన్నదానితోపాటు, ఎవరి ఎదురుగా అడిగాం, కాదంటే వాళ్ళకి ఏమవుతుంది అన్నది కూడా చూడాలి. అంతకంటే తేలికైన కొలబద్ద నా దగ్గర లేదు.

మా అత్తగారిని అడిగాను. వియ్యంకుడు గారు వెళ్ళిపోయిన మర్నాడు. ఆవిడకిప్పుడు ఎనభై ఎనిమిదేళ్ళు, పదమూడో ఏట పెళ్ళయింది. మా మావగారు పోయి అప్పటికే చాలాకాలమైంది, ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. వాకిట్లో చాప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నారు. "అత్తయ్యా, సొంత మేనమామతో పెళ్ళంటే మీకప్పుడు ఎలా అనిపించింది?" అన్నాను.

గింజలు తీయడం ఆపలేదు. "నన్నెవరు అడిగారే? అడిగినా ఏం చెప్పేదాన్ని. మావయ్య మా ఇంటికొస్తే జీళ్ళు తెచ్చేవాడు, పొట్లం నా చేతికే ఇచ్చేవాడు. పెళ్ళయ్యాక తేవడం మానేశారు" అన్నారు.

లైబ్రేరియన్ గారు గడియారం చూపిస్తున్నారు. ఉంటానండి.